చెరువులో చిన్న నత్తలను గుర్తుపట్టడం ఎలా? జలగ రోగాలను మోసే రకాలు తేల్చుకునే పద్ధతి

గొర్రెకు దవడ కింద నీరు దిగినా, ఎన్ని మందులు తాగించినా పారుడు ఆగకపోయినా, ఎద్దు నిలబడిన చోటే గురక పెడుతున్నా మాట చివరికి చెరువులోని నత్తల మీదికే వస్తుంది. ఇక్కడ జలగ అంటే కాళ్లకు పట్టే నీటి జలగ కాదు, పశువు ఒంట్లో బతికే ఫ్లూక్ అనే పురుగు. కార్జపు (కాలేయపు) జలగ, పొట్ట జలగ, ముక్కులో గురక రోగం తెచ్చే రక్తపు జలగ, ఈ మూడింటి పిల్లదశలూ నత్త ఒంట్లో పెరిగి బయటికి రావాల్సిందే. అందుకే పాలమూరు, నల్లగొండ వైపు గొర్రెల కాపరులు, పశువైద్య సిబ్బంది, డిగ్రీ జువాలజీ విద్యార్థులు పదే పదే అడిగేది ఒక్కటే: "మా కుంటలో ఉన్నది ఆ నత్తేనా?"

ఆ సంగతి మీరే తేల్చుకోవచ్చు. మైక్రోస్కోపు లేకపోయినా ఫర్వాలేదు, వరుస తప్పకుండా చూడాలి. మొదట మూత ఉందా లేదా, తర్వాత గుల్ల నోరు ఏ పక్కన ఉంది, ఆ తర్వాతే ఆకారం. రంగు, సైజు అన్నిటికంటే చివర. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. "చిన్నగా, నల్లగా ఉంది" అన్న మాటతో ఏ నత్తనూ గుర్తుపట్టలేం. నల్లదనం ఎక్కువసార్లు బురదది, చిన్నతనం వయసుది.

ఏమేం కావాలి

టీ వడపోత జల్లెడ ఒకటి, దాన్ని కట్టడానికి నాలుగైదు అడుగుల కర్ర. అడుగు తెల్లగా ఉన్న ప్లాస్టిక్ ట్రే. మూత ఉన్న చిన్న డబ్బాలు ఐదారు. 10 రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం. మెత్తని టూత్‌బ్రష్, మిల్లీమీటర్లున్న స్కేలు, పెన్సిలు, చీటీలు. పెన్నుతో రాస్తే నీళ్లకు చెదిరిపోతుంది, పెన్సిలే వాడండి. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, గమ్‌బూట్లు తప్పనిసరి. చివరి పరీక్షకు నాలుగైదు గాజు గ్లాసులు, ఒక నల్లగుడ్డ.

గ్లౌజులు ఎందుకంటే, పశువుల రక్తపు జలగ పిల్లలు నీళ్లలో మన చర్మంలోకీ దూరతాయి. మనిషి ఒంట్లో అవి పెరగవు గానీ దూరిన చోట ఎర్రటి దద్దుర్లు లేచి రోజుల తరబడి దురద పెడతాయి. వరి మడిలో నాట్లేసే వాళ్ల కాళ్లకు వచ్చే దురదకు ఇదీ ఒక కారణం.

1. చోటు, సమయం చూసుకోండి

నడి చెరువుకు పోనక్కర్లేదు. ఒడ్డు నుంచి రెండడుగుల లోతు లోపలే మనకు కావాల్సిన నత్తలుంటాయి. తూము దగ్గరి రాళ్లు, మత్తడి కింద నిలిచిన మడుగులు, తామరాకుల అడుగు, గుర్రపుడెక్క వేళ్లు, కుళ్లుతున్న ఆకులు, నీళ్లు మెల్లగా పారే పంట కాలువ అంచులు చూడండి. పశువులు నీళ్లకు దిగే రేవు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే పేడ పడేదీ అక్కడే, నత్త ఉండేదీ అక్కడే.

వానాకాలంలో కుంటలు నిండాక రెండు మూడు వారాలు ఆగి వెతికితే మంచిది. నీళ్లు కొత్తగా వచ్చినప్పుడు నత్తలు చెదిరి ఉంటాయి. యాసంగిలో నీళ్లు వెనక్కి పోయి శిఖం భూమిలో పచ్చగడ్డి లేచే రోజుల్లో మళ్లీ ఒకసారి వెతకండి. మందలు ఆ గడ్డికే దిగుతాయి. పొద్దున లేదా సాయంత్రం వెళ్లండి, ఎండ ముదిరితే నత్తలు ఆకుల కిందికి పోతాయి.

ఎండాకాలం కుంట ఎండిపోయింది కాబట్టి నత్తలు చచ్చాయనుకోవద్దు. చక్రంలా ఉండే పెద్ద నత్త తడి బురదలోకి దిగి నెలల తరబడి ఉండగలదు. వాన పడితే మళ్లీ పైకి వస్తుంది.

2. పట్టడం, మోసుకురావడం

జల్లెడను నాచు కిందికి పోనిచ్చి పైకి లేపుతూ కుదపండి. నీటి మొక్కను మొత్తంగా పీకి ట్రేలో నీళ్లు పోసి జాడిస్తే చిన్నవి రాలతాయి. 5 మిల్లీమీటర్ల లోపు నత్తలు ఈ జాడింపులోనే దొరుకుతాయి, కంటికి కనబడినవే ఏరుకుంటే అవి తప్పిపోతాయి. ఒక్కో చోట కనీసం 20, 30 నత్తలు తీసుకోండి. ఒకే గుప్పెట్లో మూడు నాలుగు రకాలు కలిసి ఉండడం మామూలే.

డబ్బాలో మూడో వంతే నీళ్లు పోసి, కాస్త నాచు వేయండి. మిగతాది గాలికి వదలాలి. మనం వెతుకుతున్న రకాలు గాలి పీల్చేవి, అంచుదాకా నీళ్లు నింపి మూత బిగిస్తే దారిలోనే చస్తాయి. చచ్చిన నత్త గంటల్లో కుళ్లి పక్కవాటినీ చంపుతుంది. ఒక్కో చోటుకు ఒక్కో డబ్బా పెట్టి, లోపలే చీటీ వేయండి: ఊరు, చెరువు పేరు, తేదీ, రేవా తూమా మడా, నీళ్లు పారుతున్నాయా నిలిచి ఉన్నాయా. "పానగల్ చెరువు" అని రాస్తే చాలదు. ఆ పానగల్ ఉదయ సముద్రం లాంటి పెద్ద చెరువులో ఒక ఒడ్డున ఉన్న రకం ఇంకో ఒడ్డున లేకపోవచ్చు.

3. కడిగి, కదలనివ్వండి

టూత్‌బ్రష్‌తో మెల్లగా నాచు, బురద తోమేయండి. గట్టిగా రుద్దితే పలచటి గుల్ల అంచు విరుగుతుంది. ఆ అంచు ఆకారమే తర్వాత మనకు కావాలి. కడిగిన నత్తను తెల్ల ట్రేలో అరంగుళం నీళ్లలో పెట్టి పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. ముట్టుకోవద్దు, ట్రేను కదపవద్దు. నత్త బయటికి వచ్చి పాకడం మొదలుపెట్టాకే అసలు చూపు.

4. మూత ఉందా?

నత్త పాకుతుంటే వెనకవైపు, పాదం మీద గట్టి బిళ్ల అతుక్కుని కనబడుతుందా చూడండి. ముట్టుకుంటే లోపలికి ముడుచుకుని ఆ బిళ్లతో నోరు మూసుకుంటుంది. అదే మూత.

మూత ఉంటే అది కార్జపు జలగ నత్తా కాదు, గురక రోగం నత్తా కాదు. వాటి వివరం 7వ మెట్టులో కొద్దిగా ఉంది. మూత లేకపోతే 5వ మెట్టుకు వెళ్లండి.

తప్పు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఒడ్డున దొరికిన ఖాళీ గుల్లకు మూత ఉండదు, నత్త చావగానే ఊడిపోతుంది. ఖాళీ గుల్లను చూసి "మూత లేదు" అని రాసుకుంటే మొత్తం లెక్క తప్పుతుంది. బతికున్న నత్త మీదే ఈ పరీక్ష చేయాలి. తినే నత్త పిల్లను చూసి భయపడేవాళ్లూ ఉన్నారు. అది గుండ్రంగా, పలచగా ఉండి మూత లేని రకంలాగే కనబడుతుంది. ముట్టుకోగానే మూత పడుతుంది, అనుమానం అక్కడితో తీరుతుంది.

5. నోరు ఏ పక్కన?

పొడవుగా, మొన ఉన్న గుల్లలకే ఈ పరీక్ష. చక్రంలా బల్లపరుపుగా ఉన్నవాటికి దీన్ని వాడవద్దు, వాటిలో ఏది పైభాగమో తేల్చడమే కష్టం. అవి నేరుగా 6వ మెట్టుకు.

మొన ఆకాశం వైపు, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు మీ కుడిచేతి పక్కన ఉంటే కుడి నత్త, ఎడమచేతి పక్కన ఉంటే ఎడమ నత్త.

ఎడమ నత్త అయితే, గుల్ల నున్నగా మెరుస్తుంటే, కొమ్ములు దారాల్లా సన్నగా ఉంటే అది ఫైజెల్లా అక్యూటా. ఉత్తర అమెరికా నుంచి వచ్చి ప్రపంచమంతా పాకిన రకం. మురికి కాలువల్లో, తొట్లలో, అక్వేరియంలలో బాగా దొరుకుతుంది. ఒంటి పొర అంచు వేళ్లలా చీలి గుల్ల మీదికి ఎక్కి ఉంటుంది, భూతద్దంలో స్పష్టంగా కనబడుతుంది. దీన్నీ, కింద చెప్పబోయే లిమ్నియానూ కలిపేయడం విద్యార్థుల నోటుబుక్కుల్లో సర్వసాధారణం.

కుడి నత్త అయితే, మూత లేకపోతే, అది లిమ్నియా కుటుంబం. కొమ్ములు చూసి ఖాయం చేసుకోండి. లిమ్నియా కొమ్ములు దారాల్లా ఉండవు, పలచగా, వెడల్పుగా, త్రికోణంగా ఉంటాయి. వాటి మొదట్లో లోపలివైపు నల్లటి చుక్కల్లా కళ్లుంటాయి. ఇక ఏ లిమ్నియా అన్నది తేలాలి. మన దగ్గర ముఖ్యంగా రెండు.

లిమ్నియా లూటియోలా: కోడిగుడ్డు ఆకారం, పలచటి, అవతలి వెలుతురు కనబడే గుల్ల. మొన పొట్టిదే గానీ స్పష్టంగా లేచి ఉంటుంది. నోరు గుల్ల ఎత్తులో మూడింట రెండు వంతులు, కాస్త ఎక్కువ. కుంటల్లో, మడుల్లో, కాలువల్లో అన్ని చోట్లా ఉంటుంది. కొత్త జాబితాల్లో దీన్ని రాసెసినా లూటియోలా అని రాస్తున్నారు, ఆ పేరుతోనూ వెతకండి.

లిమ్నియా ఆరిక్యులేరియా: నోరు చెవిలా బయటికి విచ్చుకుని ఉంటుంది. మొన చిన్నగా, సూదిగా, పక్కన పెట్టినట్టు ఉంటుంది. చివరి చుట్టే దాదాపు గుల్లంతా. వెడల్పు ఎత్తుకు దగ్గరగా వస్తుంది. ఏడాది పొడుగునా నీళ్లుండి, నాచు బాగా పెరిగి, నీళ్లు మెల్లగా కదిలే చోట్ల వెతకండి: ప్రాజెక్టుల వెనక జలాలు, వాటి కాలువలు. రాడిక్స్ ఆరిక్యులేరియా అన్నా ఇదే. మన దేశంలో కార్జపు జలగ ఫాసియోలా జైగాంటికాను ప్రధానంగా మోసేది ఈ నత్తే.

ఈ రెండింటినీ పిల్ల నత్తల మీద తేల్చవద్దు. ఆరిక్యులేరియా పిల్లకు పెదవి ఇంకా విచ్చుకోదు, అచ్చం లూటియోలాలాగే ఉంటుంది. ఆ చోట దొరికినవాటిలో అన్నిటికన్నా పెద్దవి ఐదు తీసుకుని చూడండి. ఐదూ కలిసి ఒకే మాట చెప్పకపోతే చీటీ మీద "లిమ్నియా, జాతి తేలలేదు" అని రాయండి. తప్పు పేరు రాయడంకన్నా అది వెయ్యి రెట్లు నయం. లూటియోలా అని తేలినా నిశ్చింతగా ఉండకూడదు, అదీ వేరే రకాల జలగలను మోస్తుంది.

6. చక్రంలా చుట్టుకున్నవి

ఇవి రెండు. పెద్దది ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్, చిన్నది గైరాలస్. పెద్దది, చిన్నది అన్నామని సైజుతో తేల్చేయకండి. ఇండోప్లానార్బిస్ 20 మిల్లీమీటర్లు దాటి పెరుగుతుంది, గైరాలస్ సాధారణంగా 10 లోపే ఆగుతుంది. కానీ ఇండోప్లానార్బిస్ పిల్ల కూడా ఒకప్పుడు 6 మిల్లీమీటర్లే కదా. కొలవాల్సింది మందం.

గుల్లను బల్ల మీద పడుకోబెట్టండి. ఈ అంచు నుంచి ఆ అంచుకు వెడల్పు కొలవండి. తర్వాత నిలబెట్టి, నోటి దగ్గర మందం కొలవండి. మందం వెడల్పులో సగానికి దగ్గరగా ఉంటే ఇండోప్లానార్బిస్. నాలుగో వంతు చుట్టుపక్కల ఉండి, గుల్ల బిళ్లలా పలచగా, అంచు కాస్త నొక్కినట్టు ఉంటే గైరాలస్. ఇండోప్లానార్బిస్‌లో ప్రతి చుట్టూ ముందుదానికన్నా గబగబా లావవుతుంది, రెండు పక్కలా మధ్యలో గుంట పడుతుంది.

ఒంటిని కూడా చూడండి. ఈ కుటుంబం రక్తంలో హీమోగ్లోబిన్ ఉంటుంది. బాగా చికాకు పెడితే ఇండోప్లానార్బిస్ గుల్ల నోటి దగ్గర ఎర్రటి చుక్క వదులుతుంది, తెల్ల ట్రేలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. లిమ్నియా ఎర్ర చుక్క వదలదు. చక్ర నత్తల కొమ్ములు దారాల్లా పొడవుగా ఉంటాయి.

ఈ రెండూ మందకు ముఖ్యమైనవే. పొట్ట జలగలను ఇండోప్లానార్బిస్, గైరాలస్ రెండూ మోస్తాయి. గురక రోగం తెచ్చే షిస్టోసోమా నాసాలే, చర్మానికి దురద పెట్టే షిస్టోసోమా స్పిండాలే ఇండోప్లానార్బిస్‌లో పెరుగుతాయి. గైరాలస్ మరీ చిన్నదని చాలామంది ఏరరు. వానాకాలం తర్వాత గొర్రెపిల్లలను తీసుకుపోయేవాటిలో పొట్ట జలగ పిల్లలూ ఉన్నాయి కాబట్టి, దీన్ని వదిలేసిన లెక్క లెక్క కాదు.

7. మూత ఉన్నవి, క్లుప్తంగా

తినే పెద్ద నత్త పైలా: గుండ్రని గుల్ల, రాయిలా గట్టి మందపాటి మూత, తడిమట్టిలో తెల్లటి గుడ్ల గుత్తి. బెల్లామియా బెంగాలెన్సిస్: ముదురు పట్టీలున్న గుల్ల, కొమ్ములాంటి పలచటి మూత. గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. మెలనాయిడెస్ ట్యూబర్‌క్యులాటా: సన్నగా, పొడవుగా, ఎర్రగోధుమ మచ్చలతో, బురదలో పాకుతుంది. బిథీనియా కుటుంబంవి: సెంటీమీటరు అటూ ఇటూ, సున్నపు మూత, దాని మీద ఒకదానిలో ఒకటిగా గీతలు. ఇవి వేరే పరాన్నజీవులను మోయవచ్చు గానీ పైన చెప్పిన మూడు రోగాలకు ప్రధాన కారణం ఇవి కావు.

8. గుడ్లతో సరిచూసుకోండి

నత్త దొరక్కపోయినా గుడ్లు సాక్ష్యం చెబుతాయి. ఆకుల అడుగున, రాళ్ల మీద చూడండి. పొడవాటి, మెత్తని, నీళ్లలా తేటగా ఉన్న జిగురు గొట్టంలో గుడ్లుంటే లిమ్నియా. బల్లపరుపుగా, గుండ్రంగా, లేత పసుపు రంగులో, పైపొర గట్టిగా ఉండి ఆకుకు అతుక్కుంటే ఇండోప్లానార్బిస్. నత్త చూసి ఒక పేరు, గుడ్లు చూసి ఇంకో పేరు వస్తే రెండు రకాలూ ఉన్నాయని అర్థం. మళ్లీ వెతకండి.

9. నత్తలో జలగ పిల్లలున్నాయా? గ్లాసు పరీక్ష

రకం తెలిసినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. పేడ నుంచి, గురక రోగమైతే ముక్కు చీమిడి నుంచి, జలగ గుడ్లు నీళ్లలో పడితేనే నత్తకు అంటుతుంది.

ఒక్కో గ్లాసులో సగం దాకా నీళ్లు, ఒక్కో నత్త. నల్లా నీళ్లు నేరుగా పోయవద్దు, క్లోరిన్‌కు నత్త ముడుచుకుపోతుంది. వెడల్పు పాత్రలో ఒక రాత్రంతా తెరిచి ఉంచిన నీళ్లు వాడండి. చెరువు నీళ్లే వాడాల్సి వస్తే నాలుగు మడతల గుడ్డలో వడకట్టండి. నత్త లేకుండా అవే నీళ్లు పోసిన గ్లాసు ఒకటి పక్కన పెట్టండి. ఇది తప్పనిసరి.

పొద్దున వెలుతురు పడే కిటికీ దగ్గర నాలుగైదు గంటలు ఉంచండి. మండే ఎండలో కాదు, నీళ్లు వేడెక్కితే నత్త చస్తుంది. గ్లాసు వెనక నల్లగుడ్డ పెట్టి, పక్కనుంచి టార్చి వేసి భూతద్దంతో చూడండి. తెల్లటి నలుసులు తోక కొట్టుకుంటూ ఈదుతుంటే జలగ పిల్లలే. తోక చివర రెండుగా చీలితే రక్తపు జలగ జాతి. ముదురు రంగులో, లావుగా, రెండు నల్ల కంటి చుక్కలతో ఉంటే పొట్ట జలగ జాతి. కాసేపటికే ఈత మాని గ్లాసు గోడకు తెల్లటి చుక్కల్లా అతుక్కుంటే కార్జపు జలగను అనుమానించండి. ఏమీ కనబడకపోతే రాత్రంతా ఉంచి మరునాడు పొద్దున మళ్లీ చూడండి.

ఇక్కడ మోసపోయే దారులు రెండు. ఒకటి, నీళ్లలో సహజంగా ఉండే చిన్న జీవులు. అవి గెంతుతూ పోతాయి, నత్త లేని గ్లాసులోనూ ఉంటాయి. రెండోది, నత్త మీదే బతికే కీటోగాస్టర్ అనే తెల్లటి చిన్న పురుగు. అది సాగుతూ ముడుచుకుంటూ పాకుతుంది, ఈదే తోక ఉండదు.

ఏమీ రాలేదంటే చెరువు శుభ్రంగా ఉందని కాదు. సోకిన నత్తలు ఎప్పుడూ కొద్దే, జలగ పిల్లలు ముదరకపోతే బయటికి రావు. మంద పేడను పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించడం దీనికి జోడుగా జరగాలి. పని అయ్యాక గ్లాసుల మీద మరిగే నీళ్లు పోయండి. ఆ నీళ్లను గడ్డి మీద, తొట్లో పారబోయవద్దు. చేతులు సబ్బుతో కడగండి.

ఫోటో, నమూనా పంపేటప్పుడు

ఫోటోలు నాలుగు: నోటి వైపు, వీపు వైపు, పైనుంచి, పాకుతున్నప్పుడు కొమ్ములు కనబడేలా. పక్కన స్కేలు పెట్టండి. రూపాయి బిళ్ల పెడితే లాభం లేదు, 2011 రకం దాదాపు 22 మిల్లీమీటర్లు, 2019 తర్వాతది 20. సెల్ఫీ కెమెరా వాడవద్దు. కొన్ని ఫోన్లు ఆ బొమ్మను అద్దంలోలా తిప్పేస్తాయి, కుడి నత్త ఎడమ నత్త అయి కూర్చుంటుంది.

నమూనాకు నత్తను నేరుగా స్పిరిట్‌లో వేస్తే లోపలికి ముడుచుకుని చస్తుంది, ఒళ్లు ఏమీ కనబడదు. కొద్ది నీళ్లలో పెట్టి, పైన మెంథాల్ పలుకులు నాలుగు చల్లి (పుదీనా పువ్వు అని అడిగితే ఇస్తారు) రాత్రంతా మూసిపెట్టండి. సూదితో తాకినా కదలకపోతే 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. ఫార్మలిన్ వద్దు, అది గుల్ల సున్నాన్ని తినేస్తుంది. హైదరాబాద్ అత్తాపూర్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థ మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది. నమూనా పంపే ముందు అడిగి, చీటీతో సహా పంపండి. చీటీ లేని నత్తకు విలువ లేదు.

తేలాక ఏం చేయాలి

మైలుతుత్తం లాంటి మందులు చెరువులో కలపవద్దు. చేపలు చస్తాయి, బురదలో దిగిన నత్తలు మిగులుతాయి. చేయాల్సింది ఒడ్డు దగ్గర. లిమ్నియా గానీ చక్ర నత్తలు గానీ ఉన్న రేవు పక్క తడిగడ్డి మీదికి, ముఖ్యంగా నీళ్లు కొత్తగా వెనక్కి పోయిన శిఖంలోకి మందను దింపవద్దు. కార్జపు జలగ, పొట్ట జలగ పిల్లలు ఆ గడ్డి మొదళ్లకే అతుక్కుని ఉంటాయి, తడి ఉన్నన్నాళ్లూ బతుకుతాయి. ఆ గడ్డే కావాలంటే నీటికి పైనున్న భాగం కోసి, గలగలలాడేదాకా ఎండబెట్టి వేయండి. నీళ్లు బోరు నుంచి తొట్లో పట్టి తాగించండి. తొట్టి అంచు కింద ఎప్పుడూ బురద లేకుండా చూడండి, ఆ బురదలోనే కొత్త నత్తలు చేరతాయి. మందు ఏది, ఎప్పుడు, ఎంత అన్నది పేడ పరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. మామూలు నులిపురుగుల మందు లేత జలగల మీద సరిగా పనిచేయదు కాబట్టి, చీటీలో ఏ నత్త దొరికిందో రాసి డాక్టరుకు చూపించండి.